కొలతతో పాటు ఒక మాట

మా వీధి దర్జీని అందరూ మాస్టరనే పిలుస్తారు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా నలుగురితో కబుర్లు చెప్పగల మనిషి. ఆయన దుకాణంలో ఒక వింత ఉండేది. మెడలో టేపు తీసి ఛాతీ ఇంత, నడుం ఇంత అని అంకెలు చెబుతూ, మధ్యలో ఎవరూ వినని ఇంగ్లీషు మాట ఒకటి విసిరేవాడు. బల్ల దగ్గర గుడ్డ కత్తిరించే బావమరిది "సరే బావా" అని సుద్దతో గీత గీసేవాడు. దర్జీల భాషేమోలే అని అందరూ ఊరుకునేవారు.

నేను ఊరుకునే రకం కాదు. నాకు అయిదో తరగతితో చదువు ఆగింది గానీ ఆరా ఆగలేదు.

"ఏం మాస్టరూ, బేకరీ ఆయన్ని ఏదో అన్నావు. వెంట్రి... ఏమిటది?"

"వెంట్రిపొటెంట్, అక్కయ్యగారూ."

"అంటే?"

"అంటే ప్యాంటు బ్రహ్మాండంగా కుదురుతుందని."

బల్ల వెనక బావమరిది కిసుక్కున నవ్వాడు. ఇందులో ఏదో ఉందని నాకు అప్పుడే అర్థమైంది. మాస్టరు భార్యని పట్టుకుని కూపీ లాగాను.

కుర్రతనంలో మాస్టరు ఒక పెద్ద దర్జీ దగ్గర పని నేర్చుకున్నాడట. ఆ పెద్దాయనది నోరు కాదు, మైకు. "ఈయనకి పొట్ట జారింది, నడుం దగ్గర వదులు పెట్టు!" అని వీధి చివరికి వినపడేలా అరిచేవాడట. ఒకరోజు ఒక పెద్దమనిషి కొలత సగంలో ఉండగానే చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ వెళ్ళిపోయిన వీపు మాస్టరు మనసులో ఉండిపోయింది. సొంత దుకాణం పెట్టాక పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ కొన్నాడు. బియ్యంలో రాళ్ళేరినట్టు, అందులోంచి జనం నోట నలగని మాటలు ఏరాడు. బొజ్జ ఉన్నవాళ్ళు వెంట్రిపొటెంట్. వీపు మీద ఎత్తు ఉంటే గిబ్బస్. "అబ్బే, మాకెందుకండీ ఫ్యాషన్లు" అంటూనే అద్దం వైపు ఓరచూపు చూసేవాళ్ళది అక్సిజ్మస్, అంటే కావలసినదాన్నే అక్కర్లేదనడం. ఇవన్నీ బావమరిది ఒక్కడికే నేర్పాడు. మాట చెవిన పడగానే ఎక్కడ వదలాలో, ఎక్కడ పొర వేయాలో వాడికి తెలిసిపోయేది. కొలతకు నిలబడ్డ మనిషికి ఏదీ గుచ్చుకునేది కాదు.

తపాలా ఆఫీసు కౌంటర్లో ఒక అమ్మాయి కూర్చుంటుంది. గిబ్బస్ ఆ పిల్ల గురించిన మాట. కుడి భుజం వెనక చిన్న ఎత్తు. మాస్టరు ఆమె ఆఫీసు కోటుకి ఎడమ భుజం లోపల పలచగా దూది పొర వేసి రెండు వైపులా సమం చేసేవాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఏనాడూ పైకి అనుకోలేదు. ఆ పిల్ల తలెత్తుకుని నడిచేది. నా కళ్ళే కనిపెట్టలేకపోయాయంటే ఆ కుట్టు ఎలాంటిదో మీరే చెప్పండి.

కొన్నాళ్ళకు బావమరిది సొంత దుకాణం పెడతానన్నాడు, అదీ సరిగ్గా ఎదురుగా. "వాడు నా తమ్ముడే, అందుకే చెబుతున్నా, పక్క వీధిలో పెట్టించు" అని మాస్టరు భార్య మొత్తుకుంది. "కళ్ళెదుటే ఉంటాడులేవే" అని మాస్టరు తన పాత మిషను కూడా ఇచ్చి పంపాడు. మా వీధి ఎంత ఇరుకంటే, ఇటు తుమ్మితే అటువాళ్ళు చిరంజీవ అంటారు. జనం మాత్రం అలవాటుగా ఇటే ఎక్కేవారు. బావమరిది ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఒక ఉదయం టీ కొట్టు దగ్గర వాడు గొంతు పెంచాడు.

"మా బావ మిమ్మల్నేమంటాడో తెలుసా? వెంట్రిపొటెంట్ అంటే బొజ్జాయన!"

అందరూ బేకరీ ఆయన వైపు తిరిగి గొల్లున నవ్వారు.

"మరి నన్నేమంటాడురా?" అన్నాను.

"నువ్వు క్విడ్‌నంక్‌వి అత్తా. ఊళ్ళో సంగతులన్నీ కావాల్సిన మనిషివట."

"అది చెప్పడానికి ఇంగ్లీషెందుకురా, తెలుగులో అందరూ అనేదేగా!"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులతో వాడికి పూనకం వచ్చింది. "ఇంకా వినండి! గిబ్బస్ అంటే గూని. తపాలా ఆఫీసు కోటు లోపల ఎంత దూది ఉందో నన్నడగండి!"

ఆ పిల్ల అప్పటికే వచ్చి టీ గ్లాసు అందుకుని ఉంది. అందరి కళ్ళూ ఆమె భుజం మీదకు పోయాయి. నవ్వు ఠక్కున తెగింది. ఆమె గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది.

వాడు చెప్పిన అర్థాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మాటలు ఎందుకు పుట్టాయో అదొక్కటే మింగేశాడు.

సాయంత్రం నేను మాస్టరు దుకాణంలోనే ఉన్నాను. ఆ పిల్ల వచ్చి కోటు విప్పి బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, నన్ను చూసి మీరిద్దరూ నవ్వుకునేవాళ్ళా?"

మాస్టరు నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీశాడు. "లేదమ్మా. నీ చెవిన పడకూడదనే ఆ మాట వెతికాను."

"అతని చెవిన పడొచ్చా?"

"వాడు నా మనిషి అనుకున్నాను తల్లీ."

"నేను మిమ్మల్ని అలా అనుకున్నాను."

ఆయన కోటు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ దూది తీసేయండి" అంది.

"కోటు పాడైపోతుందమ్మా."

"ఊరందరికీ తెలిశాక ఇంకా ఎవరి కోసం?"

"అది కాదే పిల్లా, ఈయన..." అని నేను అందుకోబోయాను. మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. కుట్లు ఒక్కొక్కటిగా విప్పాడు. తన కుట్టు తనే విప్పడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె కోటు తొడుక్కుని, ఒక భుజం ఎత్తుగా, ఒకటి దిగువగా వీధిలోకి నడిచింది. మాస్టరు ఆ వీపునే చూస్తూ నిలబడ్డాడు. సగం కొలతలో వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషిని నేను చూడలేదు గానీ, ఆ పూట చూసినట్టే అనిపించింది.

తర్వాత కొందరు బావమరిది దుకాణానికి మారారు. మాస్టరు భార్య తమ్ముడితో మాట మానేసింది. మాస్టరు తనే కొలిచి, తనే కత్తిరించి, తనే కుడుతున్నాడు. కొలిచేటప్పుడు నోరు విప్పడు.

మొన్న బేకరీ ఆయన వచ్చాడు. "నా బొజ్జ నాకు తెలియదా మాస్టరూ, కానివ్వండి" అని చేతులెత్తి నిలబడ్డాడు. మాస్టరు ముఖం కాస్త తేలికపడింది. టేపు చుట్టి, నడుం కొలత చెప్పి, పాత అలవాటుగా "వెంట్రిపొటెంట్" అనేశాడు.

ఎదురు దుకాణంలో గుడ్డ మీద వంగిన బావమరిది తలెత్తకుండానే "సరే బావా" అన్నాడు.

అన్నాక వాడి చేతిలో సుద్ద ఆగిపోయింది. మాస్టరు టేపు వదిలి, గుమ్మం దాకా వెళ్ళి, షట్టరు సగానికి దించాడు.

"చీకటైంది మాస్టరూ, కొలత కనిపిస్తుందా?" అన్నాడు బేకరీ ఆయన.

"కనిపిస్తుంది" అన్నాడు మాస్టరు.