అత్తమ్మ పాటకు తీన్మార్ దరువు

పోయిన వేసవిలో బూర్గంపాడులో మా అత్తమ్మ సంవత్సరీకం జరిగింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కాలీడ్చుకుంటూ, నడుమ నడుమ ఆగుతూ నడిచేది. ఆ నడకలాగే సాగాలని మాటలను దీర్ఘాలు తీస్తూ, మధ్యలో ఆగుతూ పాడేలా నేనొక పాట కట్టాను.

మైకు పట్టుకుని "మెల్లంగా రావమ్మా..." అన్నానో లేదో, కిరాయికి తెచ్చిన సౌండ్ బాక్సులాయన వెనక నుంచి తీన్మార్ దరువు పెట్టాడు. పిల్లలు లేచి గంతులేశారు. ఎవరో ఈల కూడా వేశారు! మా మామయ్య తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నా, ఆపు! ఇది బరాత్ అనుకున్నవా?"

"గట్ల సాగదీస్తే ఎవరింటరు మేడం? జర జోష్ ఉండాలె కదా!"

వెళ్లి వైరు పీకేశాను. మైకు లేకుండానే మళ్లీ మొదలుపెట్టి, ఆగాల్సిన చోటల్లా ఆగుతూ పాడాను. ఒక్కరూ కదల్లేదు. పాట అయ్యాక మామయ్య కళ్లు తుడుచుకుంటూ, "అవ్ బిడ్డా, మీ అత్త గిట్లనే నడిచేది" అన్నాడు.

పెళ్లికీ చావుకీ ఒకే దరువు వేసేవాళ్లను చూస్తే నాకిప్పటికీ కోపం ఆగదు. మోకాళ్లు నొచ్చిన మనిషిని, పోయాక కూడా ఎగరమంటారా?