చెవి మాస్టారూ, చప్పుడు లేని కారూ

మా బావకి అనుమానం పుట్టిందంటే ఇక అన్నం సయించదు. పాలవాడు నీళ్ళు కలిపాడని అనుమానం. పాలు చిక్కగా ఉంటే, ఇంత చిక్కగా ఎందుకున్నాయని ఇంకా పెద్ద అనుమానం. ఇంటికి తాళం వేసి లాగి చూస్తాడు, వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. అలా లాగీ లాగీ మంచి తాళాలు ఊడగొట్టాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశావే అని మా అక్కని అడిగితే, "నామీద మాత్రం ఎప్పుడూ అనుమానపడలేదే" అంటుంది. అదీ నిజమే.

ఆయన డ్రైవింగ్ మాస్టారు. స్కూలంటే పెద్ద భవనమేం లేదు. ఒక పాత డీజిలు కారు, దాని నెత్తిన పసుపు బోర్డు, ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం, మాస్టారి కాళ్ళ దగ్గర అదనంగా ఇంకో బ్రేకు. ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. అందరూ ఆయన్ని చెవి మాస్టారు అంటారు. గేరు ఎప్పుడు మార్చాలో కంటితో కాదు, చెవితో తెలుసుకోవాలంటాడు. ఇంజను వేగం చూపించే మీటరు మీద అట్టముక్క అతికించేశాడు.

"బండి మూలిగిందా, కింది గేరు అడుగుతోంది. గోల పెట్టిందా, పై గేరు అడుగుతోంది. అడిగింది ఇవ్వండి. ఇంతకుమించి డ్రైవింగు లేదు" అంటాడు.

పాఠం చెప్పేటప్పుడు ఆయన అరచెయ్యి గేరు రాడ్డు మొదట్లో అతుక్కుపోయి ఉంటుంది. అది మాస్టారి దర్జా అనుకునేవాళ్ళం.

ఆయన శిష్యుల్లో అందరికన్నా మొద్దును నేనే. నేను బట్టలు కుడతాను. జీవితమంతా మిషను తొక్కిన కాలికి క్లచ్చి ఒక లెక్కా అని బీరాలు పలికి, నలభై దాటాక నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఒకసారి మా వెనక ఒక బస్సు ఆపకుండా హారను మోగిస్తోంది. నాకు పైప్రాణాలు పైనే పోతున్నాయి. "బావా, వెనక బస్సు!" అని ఆయన భుజం పట్టి కుదిపాను. ఉలిక్కిపడి అద్దంలో చూశాడు. "కొట్టుకోనీ. హారనుకి బెదిరితే నువ్వు జన్మలో బండి నడపలేవు" అన్నాడు. ఎంత గుండె ధైర్యమో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంతలో అమ్మడు హైబ్రిడ్ కారు కొంది. అమ్మడు అక్కాబావల ఒక్కగానొక్క కూతురు, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. కారు తిన్నగా ఇంటి ముందుకు తెచ్చి, తండ్రి కోసం ముందు తలుపు తెరిచి నిలబడింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లన్నీ తీసేసింది గానీ, ఆ ముందు సీటుది మాత్రం ఆయనే చింపాలని ఉంచింది.

బావ ఎక్కలేదు. కారు చుట్టూ తిరిగాడు. వంగి కిందకి చూశాడు. పెట్రోలు మూత తెరిపించి అందులోకి తొంగిచూశాడు.

"దీనికి ప్లగ్గు ఎక్కడ పెడతారే?"

"ప్లగ్గు లేదు నాన్నా. పెట్రోలే పోస్తాం. బ్రేకు వేసినప్పుడు ఊరికే పోయే బలాన్ని పోనివ్వకుండా బ్యాటరీలో దాచుకుంటుంది. చాలకపోతే ఇంజనే నింపుతుంది."

"ఓహో. వంట అదే చేసుకుని, అదే తిని, మళ్ళీ మనకి మిగులుస్తుందన్నమాట. నేను మరీ అంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?"

ఇక రోజూ పంచాయితీయే. టైర్లకు పంక్చర్లు వేసేవాడు చెప్పాడట, దీని బ్యాటరీ పట్టుమని రెండేళ్ళు రాదని. కంపెనీవాళ్ళు చాలా ఏళ్ళకి పూచీ ఇచ్చారని అమ్మడు చెబితే, "ఇచ్చేవాడికి మాటలేం తక్కువ?" అన్నాడు. వానలో షాకు కొడుతుందన్నాడు. ఆ మర్నాడే కుండపోతగా వాన పడింది. అమ్మడు తడుస్తూ వచ్చి, కారు తలుపు పట్టుకుని నిలబడి, "చూడు నాన్నా, బతికే ఉన్నాను" అంది. "ఇవాళ కొట్టలేదు" అన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! అన్నిటికన్నా పెద్ద నేరం మాత్రం చప్పుడు. "చప్పుడు చెయ్యని బండిని నమ్మకూడదు. అది ఏదో దాస్తోందన్నమాట" అనేవాడు.

పాపం, పిల్ల మొహం రోజురోజుకీ చిన్నబోయింది. "నాన్న ఒక్కసారి ఎక్కి కూర్చుంటే చాలు పిన్నీ. ఎక్కకపోతే ఈ కారు అమ్మేస్తాను. ఆయన ఎక్కని బండి నాకెందుకు?" అంది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నావు, వదిలెయ్యవే" అన్నాను. అమ్మడు నావంక అదోలా చూసింది. కారు మీద బెంగ అనుకున్నాను.

ఆ వారంలోనే బావ నా కుట్టు గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"మరదలా, మా ఇంట్లో ఏదో జరుగుతోంది. తల్లీకూతుళ్ళు ఒకటే గుసగుసలు. నేను రాగానే నోళ్ళు కట్టేస్తారు."

"మీ గురించే అయ్యుంటుంది లెండి."

"కారు గురించి! ఆ పిల్ల దానికి ఎక్కడో దొంగచాటుగా కరెంటు ఎక్కిస్తోంది. ల్యాబులోనే ఎక్కిస్తోందేమో. రేపు వాళ్ళు పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. మనమే ముందు పట్టుకోవాలి."

మనమట! అయినా వెళ్ళాను. పాఠం పాఠమూ అవుతుంది, తమాషా తమాషాగానూ ఉంటుందని. నెత్తిన పసుపు బోర్డు, వెనక ఎర్ర ఎల్, స్టీరింగు దగ్గర నేను. ఇదీ మా గూఢచారి బండి. ల్యాబు నుంచి అమ్మడి కారు బయటికి రాగానే వెంట పడ్డాం. ప్రతి కూడలిలోనూ నా బండి ఆగిపోవడం, వెనకవాళ్ళు తిట్టడం. "తలొంచుకో, చూస్తుంది" అంటాడు ఈయన. తలొంచుకుని బండి ఎలా నడపమంటాడో!

అమ్మడు తిన్నగా పెట్రోలు బంకులోకి వెళ్ళింది. పెట్రోలు పోయించుకుంది.

"చూశారా?" అన్నాను.

"మనల్ని చూసింది. అందుకే నాటకం" అన్నాడు.

చూడక చస్తుందా? తిన్నగా వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది. "ఏం చేస్తున్నారు నాన్నా ఇక్కడ?"

"మీ పిన్నికి పాఠం చెబుతున్నా."

"నావెనకా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నీవెనక ఎవరొచ్చారే? రోడ్డు నీ ఒక్కదానిదా?" అని ఎగిరిపడ్డాడు. అమ్మడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. వంగి, ఆయన మొహానికి తన మొహం తిన్నగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నాన్నా, రేపు ఒక్కసారి నా కారెక్కు. నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కిద్దాం. పైకెళ్ళాక కూడా ఇందులో మోసం ఉందని నువ్వంటే, అమ్మేస్తాను. ఒట్టు."

నీళ్ళ ట్యాంకు మెట్ట ఆయన శిష్యులందరికీ ఆఖరి పరీక్ష. తన రాజ్యంలో పందెం కాబట్టి ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ముందు సీట్లో బావ కూర్చోగానే కింద ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. చింపుతాడేమోనని అమ్మడు కాసేపు ఆగింది. ఆయన పట్టించుకోలేదు. సాక్షిగా నేను వెనక సీట్లో. బయల్దేరేటప్పుడు కారు నిజంగానే ఉలుకూ పలుకూ లేకుండా కదిలింది. బావ చెయ్యి అలవాటుగా గేరు రాడ్డు కోసం వెతుక్కుంది. అక్కడ ఉన్నది చిన్న పిడి. దానిమీద అరచెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. ఆ చేతికి ఏదీ అందుతున్నట్టు లేదు.

మెట్ట మొదలైంది. సగానికొచ్చేసరికి ఇంజను అందుకుంది చూడండీ, నా మిషను మోటారు మొండికేసినప్పుడు పెట్టే గోల దీని ముందు ఎంత! వెనక సీట్లో నాకు చెవులు గింగురుమన్నాయి.

బావ వెనక్కి తిరిగి, పందెం గెలిచినవాడిలా నవ్వాడు. "చూశావా మరదలా! ఇంత ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఊసే లేదు. వట్టి బ్యాటరీ మీద ఈడుస్తోంది. చప్పుడేదీ? ఇంకాసేపట్లో చచ్చి ఊరుకుంటుంది, చూస్తూండు."

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. అద్దంలో అమ్మడి కళ్ళు కనిపించాయి. వాటిలో నవ్వు లేదు. ఆ బస్సు, నేను కుదిపితే గానీ తెలియని బస్సు, గుర్తొచ్చింది. ఆ కుర్చీ నాకు ఎదురుగా లాక్కుని కూర్చోవడం, నా పెదాల మీదే చూపు పెట్టడం, డీజిలు కారు గేరు రాడ్డు మీద నుంచి తియ్యని ఆ అరచెయ్యి. ఆయన ఇన్నాళ్ళూ మా అందరికీ చేత్తో విని పాఠాలు చెప్పాడు. ఈ మాయదారి కారులో చేతికి వణుకు తగల్లేదు.

పైకెళ్ళాక అమ్మడు కారు ఆపింది గానీ ఇంజను ఆగలేదు. ఎక్కడానికి ఖర్చయిన బ్యాటరీని నింపుకుంటోంది. బావ హుషారుగా దిగి, ముందుకెళ్ళి, "ఇంక కదల్దు, నేను చెప్పలా?" అంటూ బానెట్టు మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. రెండో చెయ్యి కూడా వేశాడు. మెల్లగా వంగి, బానెట్టుకి చెవి ఆనించబోయినంత దగ్గరగా తల పెట్టాడు. లేచి మావైపు చూశాడు.

"మోగుతోందా?"

"మోగుతోంది నాన్నా."

"మెట్ట ఎక్కేటప్పుడో?"

"అప్పుడూ మోగింది."

నావైపు తిరిగాడు. నేనైనా కాదంటానని ఆశ. అబద్ధాలు నాకు బాగానే వచ్చు, కానీ ఆ మొహం చూస్తూ రాలేదు. "మోగింది బావా, గట్టిగానే" అన్నాను.

ట్యాంకు పిట్టగోడ మీద కూలబడ్డాడు. అమ్మడు వెళ్ళి ఆయన ఎదురుగా, నేలమీద గొంతుక్కూర్చుంది.

"ఎవరు చెప్పినా నువ్వు నమ్మవు కదా నాన్నా. నువ్వే పట్టుకుంటే తప్ప. అందుకే ఎక్కమని ప్రాణం తీశాను."

"మరి మీ అమ్మా నువ్వూ గుసగుసలాడేది ఇదేనా?"

"మేం ఎప్పుడూ గుసగుసలాడలేదు నాన్నా. మామూలుగానే మాట్లాడుకున్నాం."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన ఏడవలేదు. నావైపు తలెత్తి అడిగాడు. "ఆ రోజు బస్సు ఎంతసేపటి నుంచి కొడుతోంది?"

"ముందు కూడలి నుంచీ బావా."

"నన్ను నమ్మి నీ ప్రాణం నా చేతిలో పెట్టావు కదే. ఎంతమంది పెట్టారో." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "లోలోపల అనుమానం ఉండేది. ఆ ఒక్క అనుమానమే నాకు వద్దనిపించింది."

ఆ రోజే ఇంటికి రాగానే కారు మీది పసుపు బోర్డు విప్పేసి లోపల పెట్టాడు. శిష్యులకి పాఠాలు లేవన్నాడు. తన పేరే చెవి. అది లేకపోతే తనెవరో తెలియనట్టు నాలుగు గోడల మధ్య కూర్చున్నాడు. తాళం కూడా లాగి చూడటం మానేశాడు. అది చూసి మా అక్క బెంబేలెత్తిపోయింది.

చెవుల డాక్టరు దగ్గరికి అమ్మడే ఈడ్చుకెళ్ళింది. చిన్న చెవి మిషన్లు పెట్టుకుంటే సరిపోతుందన్నారు. రోజూ వాటిని ఛార్జింగ్ పెట్టాలని డాక్టరమ్మ చెప్పగానే బావ తల ఎత్తాడు. "చూశావా! ప్లగ్గు ఉందన్నమాట. దీని బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది? వానలో షాకు కొట్టదు కదా?" మా అక్క అక్కడే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో మాకు వినపడ్డ నవ్వు. సగం సొంత చెవి, సగం బ్యాటరీ. "ఇప్పుడు మీరే హైబ్రిడ్ బావా" అన్నాను. "నోర్ముయ్" అన్నాడు గానీ కోపం లేదు.

అయినా బోర్డు బయటికి తియ్యలేదు. ఆ మిషన్ల మీద నమ్మకం కుదరాలి కదా! డీజిలు కారు పెట్టే కొట్టంలో గోడవైపు తిరిగి నిలబడి, నాచేత హారను కొట్టించుకున్నాడు. మెల్లగా కొట్టించాడు, దూరం నుంచి కొట్టించాడు, చెప్పకుండా కొట్టమన్నాడు. కొట్టిన ప్రతిసారీ చెయ్యి ఎత్తాడు. చివరికి, "అమ్మడిని రమ్మను. మెట్ట దగ్గరికి పోదాం" అన్నాడు.

ఈసారి ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కారు నిశ్శబ్దంగా కదిలింది. మెట్ట సగానికి వచ్చింది. ఇంజను అందుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు. అమ్మడు స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఆయన ఏమంటాడా అని చూస్తోంది.

ఉన్నట్టుండి ఆయన మొహం చిట్లించాడు. "ఆగు. ఏదో తేడాగా ఉంది."

"ఇంజనా నాన్నా?"

"ఇంజను శుభ్రంగా ఉంది. ఇంకేదో. కరకరమంటోంది." ఇటు కదిలాడు, కరకర. అటు కదిలాడు, మళ్ళీ కరకర. తన కిందికి చూసుకున్నాడు.

"ఈ సీటు కవరా! ఇంత గోల పెడుతుంటే ఎవరూ చెప్పరేమే?"

అమ్మడు కారు పక్కకి ఆపింది. ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలియాలి. బావ తలుపు తెరిచి దిగి, ఆ ప్లాస్టిక్ కవరుని రెండు చేతులతో పట్టుకుని పరపరా చింపాడు. ఆ చప్పుడు మొత్తం వింటూ, ఆపకుండా, చివరి ముక్కదాకా చింపాడు. తర్వాత లోపలికొచ్చి సర్దుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు పోనీ" అన్నాడు.