సీసాలో సూప్ పొడి

మా అమ్మకు పిన్ని మీద కుళ్ళు. కన్న కూతుర్ని కాబట్టి కాస్త మెత్తగా చెప్పాలేమో గానీ, దానికి నాకు వేరే మాట దొరకలేదు.

పిన్ని అంటే మా బాబాయి భార్య. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. తల దువ్వుకుంటూ బ్రెడ్డు నములుతుంది, చెప్పులు వేసుకుంటూ నీళ్ళు తాగుతుంది. ఫ్రిజ్‌లో ఒక అర నిండా ఆమె తెచ్చుకున్న డబ్బాలే, వేడి చేసుకుని తినేసేవి. అల్మరాలో నూడుల్స్ పొట్లాలు. అమ్మ ఆమెకు ‘ప్యాకెట్ల మహారాణి’ అని పేరు పెట్టింది. అదీ నా దగ్గరే. ఎదురుపడితే మాత్రం, అలిసిపోయావా అని నవ్వుతూ అడిగేది.

అమ్మకు వంటిల్లే లోకం. క్యారెట్ ముక్కలన్నీ ఒకే మందంలో రాకపోతే ఆ పూటంతా చిరాకే. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, చివర్లో స్టవ్ గట్టు దగ్గర నిలబడి ఏదో తిన్నాననిపించేది. పిన్ని భుజానికి బ్యాగు తగిలించుకుని గేటు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఆ బ్యాగు, బస్సు పాసు, నెల మొదట్లో వచ్చే జీతం, అన్నింటి మీదా కన్నే. అయినా పంటి బిగువున ఓర్చుకుంది. నానమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆమె వల్ల కాలేదు.

నానమ్మకు జ్వరం తగ్గింది గానీ నోటికి ఏదీ సయించడం మానేసింది. అమ్మ పొద్దుట్నుంచి కూరగాయలు ఉడికించి, మెదిపి, వడకట్టి సూప్ చేసి మంచం పక్కన స్టూలు మీద పెట్టి వచ్చేది. నానమ్మ రెండు చెంచాలు తాగి, తర్వాత చూద్దాంలే అనేది. అది అలాగే చల్లారిపోయేది. సాయంత్రం పిన్ని వచ్చి, సీసాలోంచి ప్యాకెట్ సూప్ పొడి తీసి వేడినీళ్ళలో కలిపి ఇస్తే, కప్పు ఖాళీ చేసి “బాగుంది” అనేది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి అమ్మ ఆ ఒక్క మాట కోసమే వండుతోంది. ఒక్కసారీ వినలేదు. ఇప్పుడది ప్యాకెట్లో వచ్చిన పొడికి దక్కింది. అదంతా ఉప్పూ రంగూనే అని అమ్మ నాతో సణిగింది, నాన్నతో సణిగింది, ఆఖరికి పాలవాడితో కూడా సణిగింది.

ఆ తర్వాత టమాటాలూ క్యారెట్లూ పల్చగా తరిగి మేడ మీద గుడ్డ కప్పి ఎండబెట్టింది. పప్పు వేయించింది. అన్నీ కలిపి మెత్తగా పొడి కొట్టి, జల్లెడ పట్టి, రంగు సరిపోయిందో లేదో వెలుతురులో పెట్టి చూసింది. పిన్ని డ్యూటీలో ఉండగా సీసాలో ఉన్నదంతా సింకులో పారబోసి తన పొడి నింపింది. నన్ను గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. దొంగతనానికి వచ్చినట్టు చెమటలు కక్కుతూనే ఉంది, మళ్ళీ మొహంలో పెళ్ళికళ.

ఆ సాయంత్రం పిన్ని ఎప్పటిలాగే రెండు కప్పుల్లో కలిపింది, ఒకటి నానమ్మకు, ఒకటి తనకు. ఆకలి మీద వచ్చిన మనిషి, మంచం మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఊదుకుంటూ తాగింది. ల్యాబ్‌లో సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయిన వస్తాదు సంగతి చెబుతుంటే నానమ్మ నవ్వుతూ తాగేసింది. కప్పు కింద పెట్టి, బాగుంది చిన్నమ్మాయ్ అంది.

అమ్మ ఆ మాట కోసమే తలుపు దగ్గర కాచుక్కూర్చుంది. చేయి కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“అది ప్యాకెట్ది కాదత్తయ్యా. నేను చేసిన పొడి. మొత్తం మార్చేశాను” అంది.

పిన్ని ఖాళీ కప్పు వంకా, అమ్మ వంకా చూసి తెల్లమొహం వేసింది. నానమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

“అలాగా. నాకు తేడా తెలీలేదు పెద్దమ్మాయ్” అంది.

“మరి నేను పొద్దున్నే చేసి పెట్టింది ఎందుకు తాగరు?” అమ్మ అడిగింది. “ఇన్నేళ్ళలో నా వంట ఒక్కసారైనా బాగుందన్నారా?”

నానమ్మ కాసేపు దుప్పటి అంచు సవరించుకుంది.

“నువ్వు చేసి, అక్కడ పెట్టి వెళ్ళిపోతావు. ఇది నాతో కూర్చుని తాగుతుంది. ఒక్కదాన్నే తినాలంటే నాకు గొంతు దిగదే” అంది.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగానే అంది. రోజూ తాను ఆవిరి పట్టిన మొహంతో వంటింట్లో కష్టపడుతుంటే, పిన్ని తన తీరికలేనితనంతోనే నానమ్మను గెలుచుకుపోయింది. కుళ్ళుకోవడానికి అమ్మ ఇంతకాలం పట్టుకుని వేళ్ళాడింది తప్పుడు వస్తువునని నాకప్పుడు అర్థమైంది. అమ్మకూ అర్థమైందనుకుంటాను, మొహం ఇంకా మాడిపోయింది.

పిన్ని పక్కకు జరిగి మంచం మీద చోటు చేసింది. “రా అక్కా, కూర్చో. నీకూ ఓ కప్పు కలుపుతా” అంది.

అమ్మ ఆ చోటు వైపు చూసింది. ఒక అడుగు వేసింది కూడా. అంతలోనే, స్టవ్ మీద పాలున్నాయి పొంగిపోతాయి అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళాను. స్టవ్ మీద ఏమీ లేదు.