నాకాడ కూడానా బావా?

ఇప్పటికీ కొత్త టైరు కొనేటప్పుడు ఆయన నేర్పినట్టే చూస్తాను. ఆయన్ని తిట్టుకుంటూ చూస్తాను.

ఎనభైల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆయనది మా పక్క క్వార్టరు. చుట్టరికం లేదు. మాలాగే శ్రీకాకుళం వాడు కాబట్టి నాన్నకు బావ అయ్యాడు. మనవాళ్లు ఎవరు కారు టైర్లు కొన్నా ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్లేవారు. రెండు బొటనవేళ్లతో టైరు గాడిని విడదీసి, అడుగున సన్నటి పగుళ్ల కోసం వెతికేవాడు. కనిపిస్తే కొట్టువాడికి అర్థం కాకుండా మన తెలుగులో, "తొడగనిదల్లా కొత్తదేటి? గోడౌన్లో పడున్నా రబ్బరుకి వయసొచ్చేస్తాది" అనేవాడు.

తర్వాత పక్కనే ఉన్న సిర్గిట్టిలో తనే టైర్ల కొట్టు పెట్టాడు. మా పాత కారుకు నాలుగు టైర్లూ అక్కడే తీసుకున్నాం. నాన్న అలవాటుగా వంగి టైరు మీద బొటనవేళ్లు పెట్టబోతే, భుజం పట్టుకుని లేపాడు.

"నాకాడ కూడానా బావా?"

నాన్న సిగ్గుపడిపోయి, ఆయన తెప్పించిన చాయ్ తాగాడు.

ఆ వేసవిలోనే కర్గీ రోడ్ అనే ఊరికి వెళ్తుంటే ముందు టైరు పేలి, కారు పొలంలోకి దూసుకుపోయింది. అమ్మ చెయ్యి విరిగింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చి వచ్చాక నాన్న మిగతా మూడు టైర్ల గాడులూ విడదీసి చూశాడు. అన్నిటా పగుళ్లే.

మర్నాడు పేలిన టైరును తీసుకెళ్లి కొట్టు ముందు పడేశాం. ఆయన వంగి, అదే పద్ధతిలో బొటనవేళ్లతో విడదీసి, తాపీగా లోపలికి చూశాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"సూడ్డం నేర్పినాను కదా బావా! మరి సూసుకోవద్దేటి?"