ఎనిమిదో హర్డిల్ అవతలి గోడ

ఉద్దానంలోని ఆ హైస్కూలుకి నాకు బదిలీ అయింది జూన్ నెలలో, బడులు తెరిచిన వారంలోనే. హోదా స్కూల్ అసిస్టెంట్, వ్యాయామ విద్య. జనం నోట్లో మాత్రం పీడీ మేడం. సొంతూరు టెక్కలి. అక్కడి నుంచి పలాసకి బస్సు, పలాస నుంచి సముద్రం వైపు షేర్ ఆటో. నా సర్వీసులో ఆఖరి పోస్టింగ్ అదే. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

కొత్త బడికి వెళ్ళిన పీడీ మొదట చేసే పని మైదానాన్ని టేపుతో కొలవడం. అక్కడ పొడవు ఎనభై అయిదు మీటర్లు వచ్చింది. ఒక చివర బడి మెట్లు, రెండో చివర కొత్తగా కట్టి రంగులేసిన ప్రహరీ గోడ, దాని అవతల జీడితోట. మూల నుంచి మూలకి గీత గీద్దామంటే మధ్యలో స్టేజీ. ఇంతకన్నా చిన్న మైదానాల్లో పనిచేశాను కాబట్టి సర్దుకుపోయాను.

ఆడపిల్లల వంద మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులుంటాయి. ఒక్కోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. అందులో మూడే అడుగులు వెయ్యాలి, ఆ తర్వాత మనిషి గాల్లో ఉండాలి. చూసేవాళ్ళు గెంతడం అనుకుంటారు. గెంతినవాళ్ళు ఓడిపోతారు. అది పరుగే, మధ్యమధ్య కాలు కాస్త ఎత్తి తీయాలి, అంతే. హర్డిల్స్‌ని పలాసలో ఒక వెల్డింగు షాపులో ఇనప పైపులతో చేయించాను. వాటి పాదాలు పరిగెత్తి వచ్చే మనిషి వైపే ఉండాలి. అప్పుడే కాలు తగిలితే అవి ముందుకి పడిపోతాయి, మనిషి పడదు. వెల్డరు రెండు వైపులా పాదాలు పెట్టేశాడు. ఎంత చెప్పినా ఎక్కకపోతే, చీర దోపుకుని అతని షాపు ముందే దాటి చూపించాను. పక్కన టీ కొట్టు మొత్తం లేచి నిలబడింది.

నా మైదానంలో ఎనిమిది హర్డిల్సే పట్టాయి. తొమ్మిదోది పెడితే దాటగానే గోడ. మిగతా రెండూ పోటీలో చూసుకోవచ్చులే అనుకుని పని మొదలుపెట్టాను.

ఎస్తేరు అప్పుడు తొమ్మిదో తరగతి. మిగతా పిల్లలు హర్డిల్ దగ్గరికి రాగానే హర్డిల్నే చూస్తారు. ఈ పిల్ల దాని అవతలకి చూసేది. నేను హర్డిల్స్‌కి మనిషిని ఎంచేది ఆ చూపుతోనే, కాళ్ళు తర్వాత. తండ్రి కొబ్బరిచెట్లెక్కేవాడు, కిడ్నీ జబ్బుతో పోయాడు. తల్లి రూతమ్మ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్ళేది. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఫ్యాక్టరీ. ఆవిడకి ఈ కూతురొక్కతే.

ఆ ఏడాది జిల్లా పోటీల్లో ఎస్తేరు ఎనిమిదో హర్డిల్ వరకు అందరికన్నా ముందుంది. మైకులో పేరు కూడా చదివేశారు. అక్కడి నుంచి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకు లాగినట్టు నెమ్మదించిపోయి నాలుగో స్థానంలో వచ్చింది. తర్వాత ఇంకో పోటీలోనూ అదే తంతు, అదే చోట. తోటి పీడీలు దమ్ము లేదన్నారు. ఒకాయన గుడ్లు పెట్టించమని సలహా ఇచ్చాడు.

ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో మనిషి అలిసిపోతే తిన్నావా అని అడగరు, టెస్టు చేయించావా అని అడుగుతారు. రూతమ్మ ఆ వారమే కూతుర్ని పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, డాక్టరు భయం లేదన్నాడు. ఆవిడ మాత్రం నమ్మలేదు. బడికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, పిల్లని పరుగు మాన్పించెయ్యమని చెప్పింది.

"రిపోర్టు బాగుందంటే ఇయ్యాల బాగున్నట్టు మేడమ్మా. ఈళ్ళ నాన్నకీ ముందు అలగే సెప్పినారు. నా గుంటని ఒగ్గీండి."

పిల్ల కూడా బెదిరిపోయింది. అడిగితే తల దించుకుని, "నాను ఆపను మేడం, ఎనిమిదోది దాటగానే ఒళ్ళే ఆగిపోతంది. అమ్మ సెప్పిందే నిజమేమో" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. తొమ్మిదో తరగతి పిల్ల తన ఒంటిని చూసి తానే భయపడుతుంటే ఏ కోచింగూ పనిచెయ్యదు.

ఆ రోజుల్లోనే మా హెడ్‌మాస్టరు నన్ను పిలిచి విసుక్కున్నారు. పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారట, కొత్త గోడకి ఎవరో రోజూ మట్టి చేతులు తుడుస్తున్నారట, అదీ ఒక్క చోటే. వెళ్ళి చూశాను. భుజమంత ఎత్తులో రెండు అరచేతుల మరకలు, ఒకదాని మీద ఒకటి పడి నల్లగా పేరుకున్నాయి. వెనక్కి తిరిగితే నా సున్నపు గీతలు తిన్నగా అక్కడికే వస్తున్నాయి.

ఓలమ్మో అనుకున్నాను. నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. పిల్ల రోజూ ఎనిమిదోది దాటి, నాలుగడుగుల్లో వేగం చంపుకుని, చేతులు గోడకి ఆనించి ఆగుతోంది. అంటే ఆ పిల్ల మైదానంలో రెండు పాఠాలు నేర్చుకుంటోంది: ఎనిమిది దాటడం, ఆ వెంటనే ఆగిపోవడం. రెండూ బ్రహ్మాండంగా వంటపట్టాయి.

ఆ సాయంత్రమే రూతమ్మ ఇంటికి వెళ్ళి, ఇది కిడ్నీ కాదు, మా బడి గోడ అని చెప్పాను. నన్ను వింతగా చూసింది. బతిమాలితే ఒక్క పోటీకి ఒప్పుకుంది. "ఆ పరుగు నానూ వచ్చి సూత్తాను. మళ్ళీ మద్దిలో ఆగిపోనాదంటే మీరింక మా గుమ్మం తొక్కొద్దు" అంది. సరేనన్నాను.

గోడ పడగొట్టాలంటే పై నుంచి అనుమతి రావాలి. వెనక గేటుకైతే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చాలు, కానీ తోట యజమాని ఒప్పుకోవాలి. ఆయన లోకనాథం గారు, మాజీ సర్పంచి. నా మాట పూర్తికాకముందే కాదనేశారు. "గేటెట్టేరంటే మీ గుంటలు నా తోటలో ఒక్క జీడిపండు ఉంచరు. పండు తింటే తిన్నారు, పిక్క కూడా అట్టుకుపోతారు" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు, మా పిల్లల సంగతి నాకు తెలుసు. నేనూ తగ్గలేదు. "కిడ్నీ అనుకుని బంగారం లాంటి పిల్లని ఇంట్లో కూర్చోబెడుతున్నారండీ. కాదని నేనంటున్నాను. నాది తప్పయితే ఆ గేటు నేనే మూయిస్తాను" అన్నాను. ఆయన అన్నగారు అప్పటికే డయాలసిస్ మీద ఉన్నారు. లోకనాథం గారు మెత్తబడి, "తాళం నీకాడే ఉండాలమ్మా, పళ్ళు పోతే నిన్నే అడుగుతాను" అన్నారు. మేస్త్రీని ఆయనే పంపించారు.

తోటలో ట్రాక్టరు బాటకి ఎదురుగా గేటు పెట్టించాను. బాట గట్టిగా, తిన్నగా ఉంది. మొదటిసారి పది హర్డిల్సూ వరసలో నిలబడ్డాయి, చివరి రెంటి మధ్య గేటు బార్లా తెరిచి ఉంది. ఎస్తేరు పరిగెత్తింది. ఎనిమిదోది దాటింది. తొమ్మిదోదాని ముందే నెమ్మదించి, దాన్ని దాటకుండానే ఖాళీ గేటు వైపు రెండు చేతులూ చాపి ఆగిపోయింది.

చూడటానికి వచ్చిన లోకనాథం గారు, "ఇదేటమ్మా, గోడ తీసీసినా గుంట ఇంకా గోడనే అట్టుకుంటంది!" అన్నారు. పిల్ల కూలబడి ఏడ్చింది. "సూసారా మేడం, అమ్మ సెప్పిందే" అంది. నాకు ఒళ్ళు మండింది. "ఒలే, కిడ్నీకి గోడెక్కడుందో గురుతుంటాదేటి? గురుతు నీ కాళ్ళకుంది. లే" అని గదిమాను.

మర్నాడు పరుగు తిప్పేశాను. బయలుదేరే గీత తోటలో, ముగింపు బడి మెట్లకి ఇవతల. హర్డిల్స్ పాదాలు అన్నీ వెనక్కి తిప్పించాను. ఇప్పుడు మూడు హర్డిల్స్ తోటలో వస్తాయి, పిల్ల గేటు దాటేసరికి ధ్యాసంతా నాలుగోదాని మీద ఉంటుంది. ఎనిమిదోది స్టేజీ పక్కన పడింది. అక్కడ ఆగడం ఆ కాళ్ళకి ఎవరూ నేర్పలేదు. మొదటి రోజే పదీ దాటేసింది. ఆగాక వెనక్కి తిరిగి, నమ్మకం లేనట్టు వేలితో హర్డిల్స్ లెక్కపెట్టుకుంది. తర్వాత కొన్నాళ్ళు ఒకరోజు అటు నుంచి, ఒకరోజు ఇటు నుంచి పరిగెత్తించాను. ఏ చోటూ అలవాటు కాకూడదని. ఆ సీజన్లో లోకనాథం గారి జీడిపళ్ళకి నేనే కాపలా కూడా.

ఎస్తేరు పదో తరగతికి వచ్చింది, జిల్లా పోటీలు ఆ ఏడాది టెక్కలిలో. రూతమ్మ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చింది. అందరూ ముగింపు గీత దగ్గర మూగితే ఆవిడ మాత్రం ఎనిమిదో హర్డిల్‌కి ఎదురుగా తాడు పట్టుకుని నిలబడింది. కూతురు ఎక్కడ ఆగుతుందో అక్కడే చూద్దామని. ఎస్తేరు ఎనిమిదోది దాటింది, ఆగలేదు. తొమ్మిదోదానికి మడమ తగిలి అది ముందుకి పడింది, తను పడలేదు. పదోది శుభ్రంగా దాటి, గీత కూడా దాటి, మైదానం చివరి తాడు దాకా పరిగెడుతూనే పోయింది. మొదటి స్థానం.

నేను చేతులు ఎత్తి అరుస్తున్నాను. రూతమ్మ అరవలేదు. నడిచి వెళ్ళి, కూతుర్ని గడ్డి మీద కూర్చోబెట్టి, బూట్లూ మేజోళ్ళూ విప్పించి, పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. కిడ్నీ పాడైన మనిషికి అక్కడ నీరు పట్టి సొట్ట పడుతుంది. భర్త పాదాల మీద ఆవిడ చాలాకాలం చూసిన సొట్ట అది. వేలు తీసింది. పాదం ఎప్పటిలా ఉంది. రెండో పాదం కూడా నొక్కి చూసింది. అప్పుడు నా వైపు తిరిగి, "మళ్ళీ పరుగెప్పుడు మేడమ్మా?" అంది.

ఆ హర్డిల్స్‌లోనే ఎస్తేరు రాష్ట్ర ఛాంపియనై, తర్వాత జాతీయ పతకం కొట్టి, ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం చేస్తూ వాళ్ళ జట్టుకి పరిగెడుతోంది. నేను రిటైరయ్యాను. కొత్త పీడీలు అడిగితే నేను చెప్పేది ఒకటే. పిల్ల ఒక చోట ఆగిపోతుంటే రక్తపరీక్ష చేయించండి, మా ఉద్దానంలో అది మానడానికి లేదు. రిపోర్టు బాగుంటే మాత్రం ఇంక ఆ పిల్ల ఒంటిని అనుమానించకండి. రోజూ మీరు ఆ పిల్లని ఎక్కడ ఆపుతున్నారో వెళ్ళి చూడండి.