నడవలోని అమ్మలకు బొట్టు

నిన్న సాయంత్రం సల్మానియా ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన మా అమ్మాయి, చూడమ్మా నీ పాత చుట్టాలు అంటూ తన ఫోను నా చేతిలో పెట్టింది. తెర మీద నీలం ముసుగు కప్పుకున్న తల్లి, ఒడిలో బిడ్డ, తల వెనక బంగారు పళ్ళెం. ఎన్నో ఏళ్ళ కిందట ఇక్కడే బహ్రెయిన్‌లో, మహూజ్ పేటలో నేను పనిచేసిన ఇంటి నడవ మొత్తం కళ్ళ ముందుకు వచ్చేసింది.

ఆ ఇంటి మేడం ఇటలీ ఆవిడ. భర్త పోయినా, పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతూ బహ్రెయిన్‌లోనే ఉండిపోయారు. నన్ను ఆ పనిలో కుదిర్చింది పక్క బిల్డింగులో పనిచేసే మా పిన్ని. ముందు తలుపు నుంచి వంటింటి దాకా సాగే నడవలో, ఒకవైపు గోడంతా వాళ్ళ దేశపు చిత్రకారులు వేసిన బొమ్మల అచ్చు నకళ్ళు, అద్దాలు బిగించి, పాతకాలంవి ముందు, తరవాతివి వెనక, వరసగా తగిలించి ఉండేవి. వాటి దుమ్ము తుడవడం నా శుక్రవారం పని. మన వయసు ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, శుక్రవారం పూట పటం తుడిచి నుదురు బోడిగా వదిలెయ్యడానికి చెయ్యి రాదు. తల వెనక బంగారు పళ్ళెం ఉంటే దేవుళ్ళే అయివుంటారని నాకు నేనే తీర్మానించుకుని, ఊరినుంచి తెచ్చుకున్న కుంకుమ తడిపి, పళ్ళెం ఉన్న ప్రతి తల్లికీ అద్దం మీద బొట్టు పెట్టేశాను.

చిక్కల్లా ఆ పళ్ళేలతోనే వచ్చింది. నడవ మొదట్లో కంచాలంతవి పోనుపోను పక్కకు వాలి, అంచు మాత్రమే మిగిలి, వెంట్రుకవాసి గీతలై, ఆ తరవాత అసలు లేకుండా పోయాయి. గీతైనా లేని తల్లి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కళ్ళ కింద నీడలు పడిన ఆ మనిషి, చంటిబిడ్డతో నిద్రలేని పక్కింటావిడలా ఉందే తప్ప దేవతలా లేదు. ఆవిణ్ణి వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం కూరలకు కిందికి దిగినప్పుడు కలిసిన పిన్నికి ఈ ముచ్చట చెబితే గుండెలు బాదుకుంది. "ఓసి నీ దుంప తెగ, వాళ్ళ బొమ్మలకి మన బొట్టేంటే? నీకు వీసా ఇప్పించిన కఫీల్‌తో ఆవిడ ఒక్క మాటందంటే నీ పని ఖలాస్, ఇంటికి పంపించేస్తారు!" తుడిచేద్దామని నేను పైకి పరుగెత్తేసరికి మేడం అప్పటికే నడవలో ఉన్నారు, మొదటి బొట్టు మీద వేలు పెట్టి తడుముతున్నారు. ఒక్కో బొట్టూ తడుముకుంటూ వచ్చి, లేనిచోట ఆగి, వచ్చీరాని హిందీలో నన్ను అడిగిందల్లా ఒక్కటే, ఈ అమ్మకు ఎందుకు పెట్టలేదని.

పళ్ళెం లేదు కదా అన్నాను. మేడం పకపకా నవ్వి, తరవాత కళ్ళు తుడుచుకుని, అసలు సంగతి చెప్పారు. తన చూపు కొద్దికొద్దిగా పోతోందట, మందులు వేసుకుంటున్నా ఇక తిరిగి రాదట. ప్రాణంలా చూసుకునే బొమ్మలన్నీ మసకబారిపోయాయనీ, ఎండి గరుకెక్కిన నా బొట్టు వేలికి తగలగానే ముఖం ఎక్కడుందో తెలిసి మిగతాదంతా మనసులో కనబడిందనీ, ఒక్కదాన్ని కూడా తుడవవద్దనీ బతిమాలుకున్నారు. పనిమనిషిని బతిమాలే యజమానురాలిని నేను అప్పుడే చూశాను, నాకూ ఏడుపొచ్చింది.

అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం నేను కొత్త బొట్లు పెట్టడం, మేడం తడిమి ఆ బొమ్మల సంగతులు చెప్పడం. ఎంత విన్నా నాకు ఆత్రం తీరేది కాదు. ఆ పళ్ళెం తీసెయ్యడానికి వాళ్ళ చిత్రకారులకు తరాలు పట్టిందట, దేవుడి తల్లిని కొంచెం కొంచెంగా తమ వీధిలోకి దించుకున్నారట. గోడకు తడి సున్నం పూసి, అది ఆరేలోగా రంగు వేసేవారంటే, తడి కళ్ళాపి మీద ముగ్గులాగా అన్నమాట అనుకున్నాను. ఆ నీలం ఎక్కడో కొండల్లో దొరికే రాయిని నూరి చేసిందనీ, బంగారం కన్నా ప్రియమనీ విని నోరు తెరిచాను. పాతకాలపు రంగులు కోడిగుడ్డు సొనలో కలిపేవారని తెలిసిన రోజున మాత్రం, శుక్రవారం గుడ్డు ముట్టని నా భక్తి తలుచుకుని ఇద్దరం నవ్వలేక చచ్చాం. చీకట్లో ఒక పక్కనుంచి వెలుతురు పడే తరవాతి కాలపు బొమ్మలకూ, చివరికి టోపీ పెట్టుకున్న వర్తకుడికి కూడా బొట్టు పెట్టేశాను.

చూపు పూర్తిగా పోయాక, అక్క కొడుకు వచ్చి మేడాన్ని ఇటలీ తీసుకెళ్ళిపోయాడు. సామాన్ కట్టేవాళ్ళు అద్దాలు తుడవబోతే ఆవిడ అడ్డం నిలబడ్డారు. ఆ బొట్లు అంతదూరం నిలిచాయో లేదో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఫోనులో ఏ బొమ్మ కావాలన్నా క్షణంలో వస్తుంది, కనురెప్పల వెంట్రుకలు కనబడేంత దగ్గరగా చూపిస్తుంది, మేడం చెప్పని సంగతులు కూడా కింద రాసి ఉంటాయి. నిన్న నేను ఆ తల్లి ముఖాన్ని తెర నిండా పెద్దది చేసుకుని, మా మేడంలాగే కళ్ళు మూసుకుని, నుదుటి మీద వేలు పెట్టాను. నున్నగా, చల్లగా ఉంది. కళ్ళు తెరిచేసరికి అమ్మ లేదు, నా వేలు తగిలి ఇంకేదో బొమ్మ వచ్చేసింది.