రెండుసార్లు మోగే హెచ్చరిక

భీమవరం అవతల మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే అక్కడి మీటరు నుంచి నా మెయిల్‌కి హెచ్చరిక వస్తుంది. మేత కంపెనీల ప్రకటనల మధ్య అది కలిసిపోకూడదని 'చెరువు' అని ఒక ఫోల్డరు పెట్టి, హెచ్చరికలు నేరుగా అందులోకి పోయేలా రూల్ పెట్టుకున్నాను.

కొన్నాళ్లకి ఒక్కో హెచ్చరికా రెండుగా రావడం మొదలైంది. ఫోల్డర్లో ఒకటి, ఇన్‌బాక్స్‌లో ఒకటి. ఫోన్ రెండుసార్లు మోగేది. రెండో మోత ఒక్కోసారి చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. మొదట్లో మా ఆయన రెండుసార్లూ బండి తీసి గట్టు మీదికి పరుగెత్తేవారు. రెండోసారి వెళ్లేసరికి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు మామూలుగానే తిరుగుతూ ఉండేవి. రానురాను ఫోన్ మోగినా ఆయన తల తిప్పడం మానేశారు.

"పాతదే అయ్యుంటుందిలే," అన్నారు ఒకరోజు టిఫిన్ తింటూ.

నాకూ సరిగ్గా అదే అనిపించింది. కానీ ఏదో ఒకరోజు అది పాతది కాకపోతే?

మర్నాడు ముసురు పట్టింది. ఎండ లేని రోజు చెరువుల్లో ఆక్సిజన్ నిలవదు. ఆయన రొయ్యలు పట్టే రోజుకి ఐసు మాట్లాడడానికి టౌన్‌కి వెళ్లారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని రూల్స్ తెరిచాను. రెండు కనిపించాయి. ఒకటి మీటరు పంపే అడ్రసుని బట్టి పనిచేసేది. రెండోది, ఏదీ తప్పిపోకూడదని తరవాత నేనే పెట్టింది, 'ఆక్సిజన్' అన్న మాట ఉంటే పట్టుకునేది. దేన్ని ఆపాలి? పొరపాటున ఒకటి తీసేస్తే అసలు హెచ్చరికే రాకుండా పోతుందేమోనని మౌస్ మీద నా వేళ్లు కదల్లేదు.

అంతలో ఫోన్ మోగింది. తెల్లవారుజామునే రెండో చెరువు నుంచి ఒక హెచ్చరిక వచ్చి ఉంది. ఇదీ అదే చెరువు, అవే మాటలు. దాని నకలేనని చెరిపేయబోయి, ఎందుకో టైము చూశాను. ఇప్పటిదే.

చెరువు దగ్గర ఉండే మనిషికి ఫోన్ చేశాను. చాలాసేపు ఎత్తలేదు.

"రెండో చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయా?"

"నేను మొదటి దాంట్లో మేత వేస్తన్నానండి. ఉండండి, చూస్తాను." కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "ఆగిపోయాయండి అమ్మగారూ. కరెంటుంది గానీ మోటారు స్టార్టరు పడిపోయిందండి. రొయ్యలన్నీ గట్టు వారకి వచ్చేశాయండి."

ఆయనకి ఫోన్ చేసి, తడుస్తూనే స్కూటీ మీద వెళ్లాను. నీటి అంచున రొయ్యలు మీసాలు పైకెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అతను స్టార్టరు వేస్తే నిలవలేదు. మళ్లీ వేశాడు, మళ్లీ పడిపోయింది. మా ఆయన వచ్చి, తడిసిన వైరు విప్పి, తుడిచి బిగించాక ఏరేటర్లు తిరిగాయి. మేం ముగ్గురం నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గట్టు వారన కొన్ని దిగలేదు.

ఇంటికొచ్చి తడి బట్టలు కూడా మార్చుకోకుండా మళ్లీ కూర్చున్నాను. నిదానంగా చూస్తే, అడ్రసు రూల్ మెయిల్‌ని ఫోల్డర్లోకి జరపడం లేదు, కాపీ చేస్తోంది. అసలుది ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతోంది. రెండో రూల్ దాన్ని మళ్లీ పట్టుకుని ఇంకోసారి ఫోన్ మోగిస్తోంది. రెండో రూల్ ఆపేసి, మొదటిదాన్ని 'జరుపు' అని మార్చాను. మీటరు చేత పరీక్ష మెయిల్ పంపించాను. ఒక్కటే వచ్చింది. నమ్మకం కుదరక ఇంకోటి పంపాను. అదీ ఒక్కటే.

"ఇంక మోగితే నిజమేనా?" అని అడిగారాయన.

"నిజమేనండి."

ఆయన బండి తాళాలు గూట్లోంచి తీసి జేబులో వేసుకున్నారు.